శాతవాహనుల వెండి నాణెములు: వాటిపై ఉన్న రెండవ భాష

శాతవాహన రాజుల వెండి నాణెములపై ఒక వైపు ప్రాకృతము, రెండవ వైపు తెలుగు ఉన్నదనీ, కనుక 1,800 ఏండ్లకు పూర్వమే మన భాష రాజముద్ర నెక్కినదనీ మన సభలలో తరచుగా వినబడుతుంది. అదే నాణెమును చూపి, అది తమిళమని తమిళ పండితులు అంటారు. వినే విద్యార్థికి ఎవరి మాట నమ్మవలెనో తెలియదు. పాఠము చెప్పే ఉపాధ్యాయుడు కూడ ఆ నాణెమును కన్నులార చూచి ఉండడు. చూచినా, అరిగిన లిపి చదువుట ఆయనకు అలవాటైన పని కాదు. భారత ప్రభుత్వము 2004లో తమిళమును, 2008లో తెలుగును, కన్నడమును ప్రాచీన భాషలుగా గుర్తించిన తరువాత ఇట్టి వాదములకు పదును హెచ్చినది. నాణెము ఎంత చెప్పగలదో, మనము దానిచేత ఎంత చెప్పిస్తున్నామో వేరు చేసి చూచుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ముందు వస్తువును చూతము. అది చాల చిన్నది. తూకము 2 గ్రాములకు అటు ఇటు. మన చిటికెన వ్రేలి గోరుకన్న కొంచెము పెద్దది. బొమ్మ వైపు కుడి దిక్కునకు తిరిగిన రాజు తల, దాని చుట్టును బ్రాహ్మీ లిపిలో ప్రాకృత వాక్యము. బొరుసు వైపు రెండు గుర్తులు: ఒకటి వంపులు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండే కొండ, రెండవది నాలుగు వృత్తములను అడ్డగీత, నిలువుగీత కలిపినట్లుండే ‘ఉజ్జయిని చిహ్నము’. వాటి చుట్టును మరల ఒక వాక్యము. ఇదియు బ్రాహ్మియే కాని, అక్షరముల వాటము కొంత వేరు, భాష వేరు. మన చర్చ అంతయు ఈ బొరుసు వైపు వాక్యమును గురించియే.

శాతవాహనుల నాణెములలో వెండివి కొద్ది. సీసము, రాగి, పోటిన్ అనబడే మిశ్రలోహము, ఇవే వారి రాజ్యములో నిత్యము చెలామణి అయిన ద్రవ్యము. కరీంనగరు ప్రాంతములోని పెద్దబంకూరు త్రవ్వకములలో 20,000కు పైగా నాణెములు బయటపడినవి. వాటిలో అత్యధిక భాగము ఇట్టి లోహములవే. ఆ రాశితో పోల్చినచో, తలబొమ్మ గల వెండి నాణెములు అరుదైన వస్తువులు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, వాసిష్ఠీపుత్ర శాతకర్ణి, గౌతమీపుత్ర యజ్ఞశ్రీ శాతకర్ణి మొదలైనవారి పేర్లతో అవి దొరికినవి.

వీటిలో మొదట పండితుల దృష్టికి వచ్చినవి యజ్ఞశ్రీ నాణెములు. ముంబయికి ఉత్తరముగా ఉన్న సోపారాలో ఒక బౌద్ధ స్తూపమును 1882లో పండిత భగవాన్‌లాల్ ఇంద్రజీ త్రవ్వించగా, అందులోని నిక్షేపములతో పాటు యజ్ఞశ్రీ వెండి నాణెమొకటి కనబడినది. తరువాత 1908లో ఇ. జె. రాప్సన్ బ్రిటిష్ మ్యూజియములోని ఆంధ్ర, క్షత్రప, త్రైకూటక, బోధి వంశముల నాణెముల పట్టికను ప్రకటించినాడు. ఈనాటికిని ఈ రంగములో పని చేసేవారు ముందుగా విప్పేది ఆ గ్రంథమే. ప్రతి నాణెమును తూచి, కొలిచి, అక్షరము పోయిన చోట పోయినదని చెప్పి, తన ఊహను ఊహగా వేరుచేసి వ్రాయుట ఆయన పద్ధతి. ఆయన నిర్ణయములు కొన్ని నిలువలేదు. ఆ పద్ధతి మాత్రము నిలిచినది. మన వాదములలో లోపించినది ఆ పద్ధతియే.

ఉదాహరణకు, రాప్సన్ తన గ్రంథమునకు ‘ఆంధ్ర వంశము’ అన్న పేరు పెట్టినాడు. ఆ పేరు పురాణములనుండి వచ్చినది. వెండి నాణెములపై ‘ఆంధ్ర’ అన్న మాట లేదు. రాజు పేరు, తల్లి పేరునుబట్టి వచ్చిన బిరుదు, ఇంతే ఉన్నవి. తెలంగాణములో దొరికిన కొన్ని ఇతర లోహపు నాణెములపై ‘సాదవాహన’ అన్న వంశనామము కనబడుతుంది. పురాణములు ఆంధ్రులని పిలిచిన రాజులును, నాణెములు సాతవాహనులని చెప్పిన రాజులును ఒకరే అన్నది పండితులు రెండు ఆధారములను జోడించి చేసిన నిర్ణయము. అది సమంజసమైన నిర్ణయమే కావచ్చును. అయినా, ‘నాణెమే చెప్పుచున్నది’ అని దానిని చెప్పరాదు. ‘ఆంధ్ర వంశము, కనుక ఆంధ్ర భాష’ అన్న తేలిక తర్కము ఇక్కడనుండియే మొదలయినది.

ఇక వెండి ఎందుకు? సీసముతోను రాగితోను తృప్తి పడిన రాజ్యము హఠాత్తుగా తలబొమ్మ గల వెండి నాణెమును ఎందుకు ముద్రించినది? దీనికి జవాబు గోదావరీ కృష్ణల ముఖద్వారములలో లేదు, పడమటి తీరమున ఉన్నది.

క్రీ. శ. మొదటి రెండు శతాబ్దములలో గుజరాతు, మాళవము, కొంకణము, నాసికు ప్రాంతముల కొరకు శాతవాహనులకును, శకజాతి వారైన క్షత్రపులకును పెద్ద పెనుగులాట జరిగినది. క్షత్రపులలో క్షహరాత వంశపు నహపానుడు వెండి నాణెములను విరివిగా ముద్రించినాడు. అవి యవన రాజుల అర్ధద్రమ్మము మాదిరిగా ఉన్నవి. బొమ్మ వైపు తల, దాని చుట్టు గ్రీకు అక్షరములు. బొరుసు వైపు బాణము, వజ్రాయుధము, బ్రాహ్మిలోను ఖరోష్ఠిలోను రాజు పేరు. గ్రీకు అక్షరములతో వ్రాసినది గ్రీకు భాష కాదు, ప్రాకృతపు మాటలే. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. మరల దీనితో పనిపడుతుంది.

1906లో నాసికు జిల్లాలోని జోగల్‌తెంబి గ్రామమున నహపానుని నాణెములు 13,250కి పైగా ఒక్కచోటనే దొరికినవి. హెచ్. ఆర్. స్కాట్ వాటిని పరీక్షించినాడు. అందులో సుమారు 9,270 నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించినాడు. నహపానుని ముఖముపై కొండ గుర్తు, గౌతమీపుత్రుని పేరు. మరొక వైపు ఉజ్జయిని చిహ్నము. క్రింది ముద్ర పూర్తిగా చెరగలేదు. కొన్నింటిపై ఓడిన రాజు ముక్కును, గెలిచిన రాజు పేరును ఒకే చోట చూడవచ్చును. క్షహరాతులను నిర్మూలించిన వాడని గౌతమీపుత్రుని అతని తల్లి బలశ్రీ నాసికు గుహలో వ్రాయించిన శాసనము పొగడినది. తల్లి పొగడ్తను మనము కొంత తగ్గించి చదువుకొనవచ్చును. తొమ్మిది వేల నాణెములు ఆ మాటకు సాక్ష్యము పలికిన తరువాత తగ్గించుటకు అంత అవకాశము లేదు.

ఈ నిధిలో నాకు మరింత ముఖ్యముగా తోచినది, ముద్ర పడని 4,000 నాణెములు. నూటికి 30 వంతుల నాణెములు శత్రువు ముద్రతోనే మిగిలినవి. దాచుకొన్నవాడు రెండింటిని కలిపియే దాచినాడు. అనగా సంతలో నహపానుని నాణెమునకు ఉన్న పరపతి నహపానునితోపాటు పోలేదని ఊహించవచ్చును. గెలిచిన రాజు ఆ వెండిని కరగించి తన సీసపు నాణెము పద్ధతిని అక్కడ ప్రవేశపెట్టలేదు. ఉన్న తూకమును, ఉన్న లోహమును ఉంచుకొని పేరు మాత్రము మార్చినాడు. తరువాత తలబొమ్మతో అచ్చువేసిన శాతవాహన వెండి నాణెము తూకములోను, పోలికలోను క్షత్రప నాణెమునకు తోబుట్టువు. పడమటి బజారు ఏ నాణెమునకు అలవాటు పడినదో ఆ నాణెమునే ఆయన వంశము ఇచ్చినది.

ఆ బజారు లెక్క ఎట్టిదో తెలుపుటకు ఒక శాసనమున్నది. నహపానుని అల్లుడు ఉషవదాతుడు నాసికు గుహలో తన దానములను వ్రాయించినాడు. 3,000 కార్షాపణములను సాలెవారి శ్రేణుల వద్ద వడ్డీకి పెట్టినాడు. 2,000 మీద నెలకు నూటికి ఒకటి, 1,000 మీద నూటికి ముప్పాతిక వడ్డీ. ఆ వడ్డీతో భిక్షువులకు వస్త్రములు, చిల్లర ఖర్చులు జరుగవలెను. మరొకచోట 70,000 కార్షాపణములు 2,000 సువర్ణములకు సమానమని, సువర్ణమునకు 35 చొప్పున లెక్క కట్టినాడు. ఈ కార్షాపణము నహపానుని వెండి నాణెమే అనుకొని, దాని తూకము 2.2 గ్రాములుగా తీసికొనిన, 35 నాణెముల వెండి 77 గ్రాములు అవుతుంది. సువర్ణము కుషాణుల బంగారు నాణెమువలె 8 గ్రాములు అనుకొనిన, ఒక వంతు బంగారమునకు తొమ్మిదిన్నర వంతులకు పైగా వెండి. విద్యార్థులు నల్లబల్లపై వేయదగిన లెక్క ఇది. రెండు చోట్ల ‘అనుకొనిన’ అన్నాము. లెక్క ఎంత చక్కగా తేలినా ఆ రెండు మాటలను చెరిపివేయరాదు.

దక్కనులో చెప్పుకొనదగిన వెండి గనులు లేవు. వెండి బయటనుండి రావలసినదే. భరుకచ్ఛము రేవునకు రోమను బంగారు వెండి నాణెములు దిగుమతి అయ్యెడివని, అక్కడ మినాండరు, అపొల్లోడోటసుల పాత ద్రమ్మములు ఇంకను చెల్లుచుండినవని ‘పెరిప్లస్’ అన్న గ్రీకు నావికగ్రంథము చెప్పుచున్నది. తెలుగు దేశమునకును రోమను వెండి వచ్చినది. నల్లగొండ ప్రాంతములోని అక్కన్‌పల్లిలో 1,500కు పైగా డెనారియస్ నాణెములు దొరికినవి. వచ్చిన ఈ వెండి నిధులుగా భూమిలోనికి పోయినది. ఇక్కడి నిత్యపు బేరము మాత్రము సీసముతోను, పోటిన్‌తోను సాగినది. కనుక ‘వెండి నాణెము ఆంధ్రదేశపు ఐశ్వర్యమునకు చిహ్నము’ అన్న వాక్యమునకు ఆధారము పలుచన.

వెండి స్వచ్ఛతను గురించియు ఒక మాట. ఆర్కిమిడీసు పద్ధతితో నాణెపు లోహమును తేల్చవచ్చునని పాఠములో చెప్పుదుము. 2.1 గ్రాముల శుద్ధమైన వెండి 0.20 ఘన సెంటీమీటరు నీటిని తొలగించును. అంతే తూకము గల రాగి 0.234 తొలగించును. తేడా ఒక నీటిబొట్టుకన్న తక్కువ. పాఠశాలలోని కొలపాత్ర దీనికి చాలదు, మంచి త్రాసు కావలెను. ఇక ఎక్స్ కిరణముల ప్రతిదీప్తితో చేసే ఆధునిక పరీక్ష నాణెమును చెక్కుచెదరనీయదు కాని, చూచేది పై పొరనే. మట్టిలో శతాబ్దములున్న నాణెము పై పొరనుండి రాగి కొంత కరగిపోయి, అక్కడ వెండి పాలు హెచ్చుగా కనబడుతుంది. యంత్రము ఇచ్చిన అంకెకును విమర్శ అవసరమే.

తలబొమ్మ సంగతి త్వరగా ముగింతును. ఈ ముఖములు నిజమైన రాజుల పోలికలని మన పుస్తకములు నమ్మకముగా అచ్చు వేయుచున్నవి. జోగల్‌తెంబి నిధిలోని నహపానుని ముఖములను స్కాట్ వరుసగా పేర్చి చూచినపుడు, అవి ఒకే మనిషివిగా ఆయనకు తోచలేదు. కొన్ని పడుచు ముఖములు, కొన్ని ముసలి ముఖములు, ముక్కు గడ్డములే వేరు. ఒకే పేరుతో కుటుంబములోని వారందరు నాణెములు వేసినారేమో అన్నంతవరకు ఆయన వెళ్ళినాడు. కంసాలి చేయి మారిన కొద్దీ ముఖము మారినదనుటయే సులభమైన సమాధానమని నా అభిప్రాయము. శాతవాహనుల ముఖములు పరిమితముగా దొరికినందున అట్టి పరీక్షకు లోనుకాలేదు. లోనుకాని సాక్షిని నిర్దోషి అనుట తొందరపాటు.

ఇప్పుడు వాక్యము. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి నాణెమును తీసికొందము. ఇతడు మహాక్షత్రపుని అల్లుడై ఉండవలెను. ఆ పేరు గల రాజు దేవి మహాక్షత్రపుని కూతురని కన్హేరి గుహలో ఒక చెదరిన శాసనము చెప్పుచున్నది. రుద్రదాముడు 150 ప్రాంతపు జునాగఢ్ శాసనములో, శాతకర్ణిని రెండుమార్లు ఓడించియు దగ్గరి బంధుత్వము వలన విడిచిపెట్టితినని చెప్పుకొన్నాడు. ఈ రెండును కలిసిన చోట ఈ నాణెమున్నది. బొమ్మ వైపు ప్రాకృతము: ‘రఞో వాసిఠిపుతస సిరి సాతకణిస’. వాసిష్ఠి కొడుకైన శ్రీ శాతకర్ణి రాజుది అని అర్థము. బొరుసు వైపు వాక్యమును నేడు ఎక్కువమంది ఇట్లు చదువుచున్నారు: ‘అరహణకు వాహిట్టి మకణకు తిరు హాతకణికు’.

మొదట ఇట్లు చదువలేదు. యజ్ఞశ్రీ నాణెముల బొరుసు వైపున రాప్సన్ ‘హిరు’, ‘హాతకణి’ అన్న రూపములను గుర్తించి, చివరి అక్షరమును ప్రాకృత షష్ఠీ ప్రత్యయముగానే గ్రహించినాడు. సకారము హకారమైన ఒక ప్రాకృత మాండలికమని ఆయన భావము. ఆయన చేతిలో ఉన్న అరిగిన ప్రతులకు అది తగిన చదువే. తరువాత మంచి ప్రతులు వచ్చినవి, వాసిష్ఠీపుత్రుల నాణెములు వచ్చినవి. ‘పుత’ ఉండవలసిన చోట ‘మకణ’, ‘స’ ఉండవలసిన చోట ‘కు’ కనబడినవి. ఇది ద్రావిడ భాష అని ఆర్. పన్నీర్‌సెల్వం 1969లో వివరముగా చర్చించినాడు. తమిళమే అని ఆర్. నాగస్వామి వాదించినాడు. ద్రావిడమన్నంతవరకు ఇప్పుడు పెద్ద తగవు లేదు.

రెండు వాక్యములను ప్రక్కప్రక్కన పెట్టి మాటకు మాట సరిచూచుట ఏ ఉపాధ్యాయునికైనను సాధ్యమే. ‘రఞో’ ఉన్న చోట ‘అరహణకు’. రాజన్ శబ్దము రేఫతో మాట మొదలు కాని ద్రావిడ భాషలోనికి వచ్చినపుడు ముందు అకారము చేరును. తమిళములో ‘అరశన్’, కన్నడములో ‘అరస’ అట్లే అయినవి. తెలుగులో ‘రాజు’ అట్లు కాలేదు. ‘పుతస’ ఉన్న చోట ‘మకణకు’. తమిళమున ‘మకన్’ అనగా కొడుకు, కన్నడమున ‘మగ’ అనగా కొడుకు. మనకు ‘మగ’ అన్న మాట ఉన్నది; ‘మగఁడు’ ఉన్నది. కాని వాటి అర్థము పురుషుడు, భర్త, శూరుడు. కొడుకునకు మనము కొడుకు అనియే అంటాము. ‘సిరి’ ఉన్న చోట ‘తిరు’. శ్రీ శబ్దమునకు మన ఇంటి రూపము ‘సిరి’. తిరుమల, తిరుపతులలోని ‘తిరు’ తమిళపు దారిని వచ్చినది.

మూడు మాటలును తెలుగునకు దూరముగా, తమిళ కన్నడముల వైపు నిలిచినవి. ఒక్క మాట అయినచో యాదృచ్ఛికమనవచ్చును. అయిదు మాటల వాక్యములో పేర్లు రెండు పోగా మిగిలినవి ఈ మూడే.

తెలుగు పక్షమున చెప్పదగినది ‘కు’ ప్రత్యయము. ‘అరహణకు’ అన్నది వినుటకు మన ‘రామునకు’, ‘రాజునకు’ అన్న రూపములవలె ఉన్నది. ఈ పోలికయే పలువురిని ఆకర్షించినట్లున్నది. అయితే మన ‘రామునకు’లో నకారము విభక్తికి ముందు వచ్చి చేరిన ఆగమము, ‘అరహణ్’, ‘మకణ్’ అన్న మాటలలో ణకారము ప్రాతిపదికకే చెందినది. చెవికి ఒకటిగా వినబడినవి వ్యాకరణములో ఒకటి కావు. పైగా ‘కు’ తమిళములోను ఉన్నది, మనకును ఉన్నది. కన్నడములో దాని రూపాంతరమున్నది. అందరికిని ఉన్నదానితో ఒకరి హక్కు తేలదు. షష్ఠికి బదులు చతుర్థి ఎందుకన్న ప్రశ్న మాత్రము ఆసక్తికరము. ప్రాకృతములో చతుర్థి దాదాపు అంతరించి, దాని పనిని షష్ఠియే చేసినది. ప్రాకృతపు ‘స’ను తన భాషలోనికి మార్చినవాడు ఆ అలవాటున చతుర్థిని ఎన్నుకొని ఉండవచ్చును. ‘ఆయనకు కొడుకు’ అని మనము నేటికిని అనుటలేదా?

ఇంతవరకు చదివి, తమిళ పక్షము గెలిచినదని అనుకొనుట కూడ తొందరయే. సంగ కాలపు తమిళములో ‘మకన్’కు ‘కు’ చేరినచో ‘మకఱ్కు’ కావలెను. నేటి తమిళములో ‘మకనుక్కు’. నాణెముపై ఉన్నది ఈ రెండును కాదు. ఆనాటి లిపి ద్విత్వములను సరిగా చూపదు కనుక ఇంతమాత్రమున త్రోసివేయలేము. హకారము మాట వేరు. ‘అరహణ’, ‘వాహిట్టి’, ‘హాతకణి’ అని మూడు చోట్ల సకారము ఉండవలసిన స్థానమున హకారము వచ్చినది. హకారము ప్రాచీన తమిళ వర్ణమాలలో లేదు. అందుకే కొందరు ఆ అక్షరమును చకారముగా చదువుటకు యత్నించినారు. అక్షరమును భాషకు సరిపడునట్లు చదివి, ఆ చదువుతో భాషను నిరూపించుట చక్రములో తిరుగుటయే. ఈ పొరపాటు మన పక్షమువారు చేసినపుడు ఎంత దోషమో, ఎదుటి పక్షమువారు చేసినపుడును అంతే దోషము.

నా తీర్పు ఇది. ఈ వాక్యము దక్షిణ ద్రావిడ శాఖకు చెందిన ఒక వ్యావహారిక భాషలో ఉన్నది. గ్రంథస్థమైన తమిళమునకు దగ్గర, దానితో ఏకము కాదు. తెలుగు మాత్రము కాదు.

ఈ తీర్పునకు నాణెముల చెలామణినుండియు బలమున్నది. పులుమావి పేరు అమరావతి స్తూపముపై ఉన్నది. యజ్ఞశ్రీ 27వ పాలనా సంవత్సరపు శాసనము చినగంజాములో ఉన్నది. ఈ రాజులు మన తీరమున నిస్సంశయముగా పాలించినారు, ఇక్కడ చెల్లుటకు సీసపు నాణెములను ముద్రించినారు. ప్రజల భాషను నాణెముపై ఎక్కించవలెనన్న ఉద్దేశమే ఉన్నచో, తెలుగును ఆ సీసపు నాణెములపై ఎక్కించి ఉండవలసినది. వాటిపై సాధారణముగా కనబడేది ప్రాకృతమే. రెండవ భాష వెండి నాణెముపైననే, అనగా పడమటి బజారునకు ఉద్దేశించిన ద్రవ్యముపైననే కనబడుట చిత్రము. అక్కడి బేరగాండ్ర భాష ద్రావిడము కాదు.

అట్లయిన ఆ భాష ఎవరికొరకు? ఇక్కడ నహపానుని గ్రీకు అక్షరములు గుర్తునకు రావలెను. నహపానుని కాలమున నాసికులోని సాలెవాడు గ్రీకు లిపిని చదివి నాణెమును తీసికొనలేదు. మంచి వెండి నాణెమునకు రెండు మూడు లిపులుండుట ఆచారము. ఆ ఆచారము వలననే అవి అక్కడ ఉన్నవి. శాతవాహనులు ఆ మాదిరిని అనుకరించినపుడు గ్రీకు, ఖరోష్ఠి స్థానము ఖాళీ అయినది. అందులో తమ ఏలుబడిలోని, లేక తమ ఇంటిలోని, లేక తమ టంకశాల అధికారులలోని ఒక దక్షిణపు భాషను నింపినారు. ఈ మూడింటిలో ఏది అన్నది నాణెమునుండి తేలదు. రాజుల మాతృభాష అదే అని వాదించుటకు వీలున్నది. అది ఊహ అని చెప్పి వాదించవలెను.

మరి తెలుగు మాట? అమరావతి శిల్పఖండముపై ఉన్న ‘నాగబు’ అన్న పదమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించి తెలుగు మాటగా చూపినారు. దానిని గురించియు అభిప్రాయ భేదములున్నవి. అయినా అది మన నేలపై, మన ప్రత్యయపు పోలికతో ఉన్నది. పూర్తి తెలుగు శాసనము కొరకు 575 ప్రాంతపు కలమళ్ళ శాసనమువరకు, కడప జిల్లాలోని రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు కాలమువరకు రావలెను. ఈ నడుమ నాలుగు వందల ఏండ్లలో తెలుగు మాటలాడేవారు లేరని దీని అర్థము కాదు. వ్రాతకు రాజులు ప్రాకృతమును, పిదప సంస్కృతమును వాడినారు. వ్రాతలో లేనంతమాత్రమున భాష లేకపోదు. ఆ ఖాళీని మరొక భాష నాణెముతో పూడ్చవలసిన అవసరము తెలుగునకు లేదు.

కాలనిర్ణయములోను ఇంకను మార్పులు రావచ్చును. గౌతమీపుత్రుని పాలనను 106 ప్రాంతమున మొదలిడుట మన పుస్తకముల అలవాటు. ఒకదానిపై నొకటి పడిన ముద్రల వరుసను పరిశీలించిన నేటి నాణెశాస్త్రజ్ఞులు కొందరు అతనిని మొదటి శతాబ్దపు ఉత్తరార్ధమునకు జరుపుచున్నారు. అట్లు జరిగినచో రెండవ భాష గల నాణెములును కొంత ముందునకు జరుగును. భాషను గురించిన వాదము మాత్రము దానితో మారదు. అది మారవలెనన్నచో, మంచి స్థితిలో ఉన్న ఒక వెండి నాణెముపై ‘మకణకు’ ఉన్న చోట ‘కొడుకు’ మాట దొరకవలెను.